పన్నెండు సిలిండర్లూ, ఆరు సిలిండర్లూ

1990 వేసవిలో మా బాబాయి బెజవాడ నుంచి వర్జీనియా వచ్చి మా ఇంట్లో మూడు నెలలు ఉన్నాడు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్లూ, లారీలూ విప్పి బిగించిన మనిషి. వైట్‌హౌస్ చూపించినా, నయాగరా చూపించినా "బాగుందిరా" అని ఊరుకున్నాడు. మా పక్కింటాయన ఓ ఆదివారం పొద్దున తన జాగ్వార్ ఎక్స్.జె.ఎస్. కారు బానెట్ ఎత్తేసరికి మాత్రం కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక నన్ను అడిగింది ఒకటే ప్రశ్న.

"పన్నెండు సిలిండర్లట్రా. బండి విసురుగా మలుపు తిరిగితే నూనె ఓ పక్కకి పోదూ? పైన బేరింగులకి ఎట్లా అందుద్ది?"

నేను ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి. తెలీదన్నాను. ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. తరవాత పాత పత్రికలూ, రేసుల చరిత్రలూ చదవడం మొదలుపెట్టాక తెలిసింది: సరిగ్గా ఆ ప్రశ్నకి జవాబు దొరక్కే బ్రిటిష్ ప్రభుత్వపు కార్ల కంపెనీ 1977లో యూరప్ అంతటా పరువు పోగొట్టుకుందని. జర్మన్ల ఆరు సిలిండర్ల కారుకీ, ఇంగ్లీషువాళ్ళ పన్నెండు సిలిండర్ల కారుకీ పదేళ్ళపాటు రోడ్ల మీదా, రేసు ట్రాకుల మీదా జరిగిన పోటీ కథ అది.

రెండు తలుపులుండి, వెనక సీటు పేరుకి మాత్రమే ఉండే కారుని కూపే అంటారు. మన లెక్కలో అది దండగ. నలుగురు పిల్లలు, అత్తగారు, ఊరగాయ జాడీలు ఎక్కని బండి బండేమిటి? కానీ పడమటి దేశాల్లో ధనవంతుడు తన కోసమే కొనుక్కునే కారు అది. లోపల తోలు సీట్లు ఉండాలి, శబ్దం వినపడకూడదు, తొక్కితే పరిగెత్తాలి. ఈ మూడూ ఒకదానికొకటి పడని కోరికలు. మెత్తదనం కావాలంటే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే పరుగు తగ్గుతుంది.

బి.ఎం.డబ్ల్యూ. ఈ చిక్కుని 1971లో ఎదుర్కొంది. 1968లో వచ్చిన వాళ్ళ పెద్ద కూపే అందంగానే ఉంది. దాని బాడీని ఓస్నాబ్రుక్‌లో కార్మన్ అనే సంస్థ కట్టి ఇచ్చేది. కానీ ట్రాకు మీద ఫోర్డ్ కాప్రి అనే చవక కారు దాన్ని ఓడిస్తోంది. కాప్రి రోడ్డు మీద గుమాస్తాల కారు. తనకంటే సగం ధర కారు చేతిలో ఓడిపోతే దొరల కారు ఎవరు కొంటారు? అందుకని పల్చని రేకూ, అల్యూమినియం తలుపులూ, బానెట్టూ, డిక్కీ మూతా పెట్టి, శబ్దం ఆపే దళసరి పొరలు తీసేసి, దాదాపు 200 కిలోలు తగ్గించి 3.0 సి.ఎస్.ఎల్. అని అమ్మారు. ఆ చివరి 'ఎల్' జర్మన్‌లో తేలిక అనే మాటకి గుర్తు. రేసుల్లో పాల్గొనాలంటే జనానికి అమ్మిన కార్లు కనీసం వెయ్యి ఉండాలని నియమం. కాబట్టి కొన్నవాళ్ళందరూ, తెలిసో తెలియకో, ఓ రేసు జట్టుకి చందాదార్లు.

ఇందులో నాకు భలే నవ్వొచ్చే సంగతొకటుంది. ఇంగ్లండుకి పంపిన 500 కార్ల విషయంలో అక్కడి అమ్మకందార్లు ఈ బోడి కారు మావాళ్ళు కొనరని, తీసేసిన హంగులు చాలావరకు మళ్ళీ తగిలించమన్నారు. పథ్యం చేసి సన్నబడ్డవాణ్ణి పెళ్ళి భోజనానికి కూర్చోబెట్టినట్టు!

1972లో బి.ఎం.డబ్ల్యూ. తన రేసుల విభాగాన్ని విడి సంస్థగా పెట్టింది. అమ్మకాల అధికారి బాబ్ లట్జ్, ఫోర్డ్ జట్టుని నడిపిస్తున్న యోకెన్ నేర్‌పాష్‌ని అక్కణ్ణించి ఎత్తుకొచ్చి దాని మీద కూర్చోబెట్టాడు. నేర్‌పాష్‌కి కాప్రి బలమూ తెలుసు, లోపమూ తెలుసు. 1973 జూలైలో సి.ఎస్.ఎల్. వెనక ఓ పెద్ద రెక్క మొలిచింది. గాలి దాన్ని కిందికి నొక్కితే టైర్లు రోడ్డుని పట్టుకుంటాయి. జర్మనీ రోడ్ల మీద అలాంటి రెక్క చట్టవిరుద్ధం. అందుకని కారు అమ్మేటప్పుడు రెక్కని విప్పి డిక్కీలో పెట్టి ఇచ్చేవారు, ఇంటికెళ్ళి బిగించుకోండి, మేము చూడలేదు అన్నట్టు. ఆ ఏడాది యూరోపియన్ టూరింగ్ కార్ల పోటీలో టోయిన్ హెజెమన్స్ సి.ఎస్.ఎల్. తోనే ఛాంపియన్ అయ్యాడు.

అదే జూలైలో బెల్జియంలో స్పా 24 గంటల రేసు జరిగింది. అప్పటి స్పా ట్రాకు అంటే 14 కిలోమీటర్ల మామూలు ఊరి రోడ్లే. పొలాలూ, ఇళ్ళూ, కరెంటు స్తంభాలూ పక్కనే. రేసు బి.ఎం.డబ్ల్యూ. గెలిచింది. ఆ 24 గంటల్లో ముగ్గురు డ్రైవర్లు చచ్చిపోయారు. అందులో ఒకాయన, హాన్స్ పీటర్ యోయిస్టెన్, నడుపుతున్నది కూడా సి.ఎస్.ఎల్. కారే. గెలిచిన కారు ఫొటోలు కంపెనీ చరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ వేస్తారు. రోడ్డూ ట్రాకూ ఒకటే అయిన రోజుల్లో 'రోడ్డు కారుని ట్రాకు మీద పరీక్షించడం' అన్న మాటకి అసలు అర్థం అది.

ఆ అక్టోబరులో అరబ్బు దేశాలు నూనె బిగించాయి. మన దేశంలో కిరోసిన్‌కి క్యూలు కట్టిన రోజులు అవే. యూరప్‌లో పెద్ద కార్ల రేసులు చల్లబడ్డాయి. బి.ఎం.డబ్ల్యూ. చూపు అమెరికా మీదకి మళ్ళింది. 1975లో వాళ్ళు ఇక్కడ సొంత అమ్మకాల సంస్థ పెట్టుకున్నారు. అప్పటికి అమెరికన్లకి ఆ మూడక్షరాల అర్థం సరిగా తెలియదు. 'బి' అంటే బ్రిటిష్ అనుకునేవాళ్ళూ ఉన్నారట. అందుకని రేసుల్లో సి.ఎస్.ఎల్. కారు అద్దం మీద 'బవేరియన్ మోటార్ వర్క్స్' అని పెద్దక్షరాలతో రాయించారు. 1975లో ఫ్లారిడాలో సీబ్రింగ్ 12 గంటల రేసూ, 1976లో డేటోనా 24 గంటల రేసూ గెలిచారు. ఈ దేశంలో డాక్టర్లూ, లాయర్లూ, ఇప్పుడు మన సాఫ్ట్‌వేరువాళ్ళూ ఎగబడి కొనే కారుకి పునాది ఆ రెండు రేసుల్లో పడిందని నా నమ్మకం.

ఇక జాగ్వార్. చాలామందికి తెలియని చుట్టరికం ఒకటి చెప్పాలి. మన అంబాసిడర్ అసలు ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మోరిస్ తరవాత బి.ఎం.సి. అయింది, 1966లో జాగ్వార్ వెళ్ళి దానిలో కలిసింది, 1968లో అంతా కలిపి బ్రిటిష్ లేలాండ్ అయింది. అంటే బాబాయి జీవితమంతా విప్పిన అంబాసిడరూ, పక్కింటాయన జాగ్వారూ వరసకి దాయాదులు. ఒకరు బెజవాడలో గోనెసంచులు మోస్తుంటే ఇంకొకరు లండన్‌లో లార్డుల్ని మోశారు. ఈ మాట చెబితే బాబాయి నమ్మలేదు.

1975లో లేలాండ్ దివాలా అంచుకి వస్తే ప్రభుత్వం తీసుకుంది. మర్నాడే అందరికీ కావలసింది ఓ విజయం. ఎక్స్.జె. సెడాన్‌ని కాస్త కురచ చేసి, రెండు తలుపులు పెట్టిన ఎక్స్.జె.సి. అనే కూపే వాళ్ళ దగ్గరుంది. దానిలో 5.3 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను. కిటికీల మధ్య స్తంభం లేని అందమైన కారు. ఆ అందమే దాని జబ్బు కూడా. అద్దాలు సరిగా మూసుకునేవి కావు, గాలి ఈలలు వేసేది. 1973లో ప్రదర్శించిన కారు 1975 దాకా జనం చేతికి రాలేదు. రేసుకి తయారుచేసే పని రాల్ఫ్ బ్రాడ్ అనే నిపుణుడి బ్రాడ్‌స్పీడ్ సంస్థకి అప్పగించి, 1976 మార్చిలో ఆర్భాటంగా ప్రకటించారు.

కారు రేసుకి వచ్చింది సెప్టెంబరులో, సిల్వర్‌స్టోన్‌లో. డెరెక్ బెల్ అందరికంటే వేగంగా తిప్పి ముందు వరసలో నిలబెట్టాడు. ఇంగ్లీషు జనం టోపీలు ఎగరేశారు. రేసు మధ్యలో చక్రం ఊడిపోయింది.

1977లో రెండు కార్లతో సీజనంతా తిరిగారు. బెల్, ఆండీ రౌజ్, జాన్ ఫిట్జ్‌పాట్రిక్, టిమ్ షెంకెన్, అందరూ మేటి డ్రైవర్లు. ఇంజను బలం ఐదు వందల గుర్రాలు దాటింది. ఎదురుగా బి.ఎం.డబ్ల్యూ. కర్మాగారం జట్టు కూడా కాదు. ఆల్పీనా, లుయీజీ లాంటి జట్లు నడిపే, అప్పటికి ఆరేళ్ళ పాత సి.ఎస్.ఎల్. కార్లు. వాటి బలం నాలుగు వందల లోపే. మొదటి చుట్టులో జాగ్వార్ ముందు. తరవాత ఎక్కడో ఓచోట పొగ.

ఇక్కడే బాబాయి ప్రశ్న. ఇంజను కింద నూనె నిలవుండే పళ్ళేన్ని మన మెకానిక్కులు చాంబరు అంటారు. మామూలు కారులో పంపు అక్కణ్ణించే నూనె పీల్చి పైకి పంపుతుంది. రేసు కార్లలో చాలావాటికి నూనె విడి డబ్బాలో ఉంటుంది, కారు ఎటు ఒరిగినా పంపుకి అందుతుంది. మొదట జాగ్వార్‌కి ఆ ఏర్పాటు లేదు. పొడవాటి ఇంజను, పొడవాటి చాంబరు. వెడల్పు రేసు టైర్లు రోడ్డుని ఎంత గట్టిగా పట్టుకుంటే కారు మలుపుల్లో అంత వేగంగా తిరుగుతుంది, నూనె అంత గట్టిగా గోడకి ఎగబాకుతుంది. పంపుకి గాలి తగులుతుంది. రెండు మూడు సెకన్లు చాలు, బేరింగు కాలిపోడానికి. అంటే కారు ఎంత బాగా మలుపు తిరిగితే అంత త్వరగా చస్తుంది! దీనికి తోడు బరువు. సి.ఎస్.ఎల్. కంటే మూడు వందల కిలోలకు పైగా ఎక్కువ. బ్రేకులూ, ఇరుసులూ, టైర్లూ ఆ బరువుకి జవాబు చెప్పుకోవాలి.

వాళ్ళకి దక్కిన మెరుగైన ఫలితం నూర్బుర్గ్‌రింగ్‌లో బెల్, రౌజ్ తెచ్చిన రెండో స్థానం. సిల్వర్‌స్టోన్‌లో చివర్లో రౌజ్ ముందున్న బి.ఎం.డబ్ల్యూ.ని తరుముతూ తరుముతూ రోడ్డు దాటి పోయాడు. ఆ గెలిచిన సి.ఎస్.ఎల్. నడిపింది ఆస్ట్రియా డీటర్ క్వెస్టరూ, స్కాట్లండు నుంచి వచ్చిన టామ్ వాకిన్‌షా అనే రైతుబిడ్డా. ఈ రెండో పేరు గుర్తుంచుకోండి. సీజను కాగానే లేలాండ్ డబ్బు ఆపేసింది. ఒక్క రేసు కూడా గెలవలేదు.

ఈ ఓటమికి బ్రాడ్‌ని తిట్టడం నాకు అన్యాయమనిపిస్తుంది. ఆయన కారు తేలికగా ఉండాలనీ, టైం కావాలనీ అడుగుతూనే ఉన్నాడు. రేసు తేదీని ఇంజినీర్లు కాక ప్రచారంవాళ్ళు నిర్ణయిస్తే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేరువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

విచిత్రమేమిటంటే అదే ఏడు, అదే ఇంజనుతో, మా వర్జీనియాలో బాబ్ టులియస్ అనే ఆయన గెలుస్తున్నాడు. ఆయన గ్రూప్ 44 జట్టు 1975లో వచ్చిన కొత్త కూపే ఎక్స్.జె.ఎస్. ని తీసుకుని 1977లోనూ, 1978లోనూ ట్రాన్స్-ఆమ్ డ్రైవర్ల టైటిల్ కొట్టింది. రెండో ఏడు తయారీదార్ల టైటిల్ కూడా జాగ్వార్‌కే. నియమాలు వేరు, ట్రాకులు వేరు, చిన్న జట్టు, తాపీగా చేసిన పని. ఇక రోడ్డు సంగతంటారా, 1979లో జరిగిన కేనన్‌బాల్ పందెం ఉంది. కనెక్టికట్ నుంచి కాలిఫోర్నియా సముద్రం దాకా మామూలు రోడ్ల మీద, పోలీసుల కళ్ళు కప్పి, ఎవరు ముందు చేరితే వాళ్ళు. దేశమంతా గంటకి 55 మైళ్ళు దాటకూడదన్న చట్టం ఉన్న రోజులు. గెలిచింది ఓ ఎక్స్.జె.ఎస్., 32 గంటల 51 నిమిషాల్లో. పెట్రోలు ఎంత తాగిందో ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు.

నిజానికి ఆ తాగుడే కారుని చంపబోయింది. 1980లో జాగ్వార్ అమెరికా మొత్తంలో అమ్మినవి సుమారు మూడు వేల కార్లు. ఎక్స్.జె.ఎస్. తయారీ ఏడాదికి వెయ్యి పైచిలుకికి పడిపోయింది. ఆ ఏప్రిల్‌లో జాన్ ఈగన్ అనే కొత్త అధిపతి కోవెంట్రీలో బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీకి వచ్చేసరికి కార్మికులు సమ్మెలో ఉన్నారు. మూసేద్దామన్న మాట గాల్లో ఉంది. ఆయన కార్లు కొన్నవాళ్ళ ఫిర్యాదులన్నీ జాబితా రాయించాడు. చూస్తే సగానికి పైగా లోపాలు బయటి నుంచి కొన్న విడిభాగాలవి. సరఫరాదార్లని పిలిచి, ఇకనుంచి చెడిపోయిన భాగానికి ఖర్చు మీదే అన్నాడు. అదే సమయంలో పదివేల పైచిలుకు ఉద్యోగులు రెండేళ్ళలో ఏడు వేల చిల్లరకి తగ్గారు. కంపెనీ బతికిందని రాసే పుస్తకాల్లో ఈ అంకె ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. కోవెంట్రీలో ఆ మూడు వేల ఇళ్ళకి మాత్రం అది ఒక్క వాక్యం కాదు. వాళ్ళలో పంజాబు నుంచీ, గుజరాతు నుంచీ వెళ్ళి ఆ ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళు ఎందరో ఉండి ఉంటారని నాకనిపిస్తుంది.

1981లో స్విట్జర్లండు ఇంజినీరు మైకేల్ మే గీసిన కొత్త సిలిండర్ హెడ్డుతో ఎక్స్.జె.ఎస్. మళ్ళీ వచ్చింది. తక్కువ పెట్రోలుని గట్టిగా నొక్కి, గిర్రున తిప్పి కాల్చడం అందులో కిటుకు. తాగుడు బాగా తగ్గింది. లోపల కర్ర పలకలూ, తోలూ తిరిగొచ్చాయి. అప్పుడే ఇంకో మనిషి తలుపు తట్టాడు. టామ్ వాకిన్‌షా. 1977లో బి.ఎం.డబ్ల్యూ. సీట్లో కూర్చుని జాగ్వార్‌ని ఓడించినవాడే. 1982 నుంచి మారుతున్న కొత్త నియమాలు ఎక్స్.జె.ఎస్. కి సరిగ్గా సరిపోతాయి, నేను రేసుల్లో నడుపుతాను అన్నాడు. చేతులు కాలిన కంపెనీ మొదట చాటుమాటుగానే సాయపడింది. ఆ ఏడు చెకోస్లోవేకియాలో బ్రనోలో గెలిచాడు. తరవాత ఇంకో మూడు రేసులు. అప్పుడు గానీ జాగ్వార్ బాహాటంగా వెనక నిలబడలేదు.

ఎదుట బి.ఎం.డబ్ల్యూ. 635 సి.ఎస్.ఐ. సి.ఎస్.ఎల్. కి వారసుడు. ఈ రెండు కార్లని పక్కపక్కన పెట్టి చూస్తే రెండు దేశాల స్వభావం కనిపిస్తుంది. జాగ్వార్‌ది నిశ్శబ్దం. స్టీరింగు ఒక వేలితో తిరుగుతుంది, గంటకి నూరు మైళ్ళలో పక్కవాడితో గుసగుసలాడొచ్చు. వెనక బ్రేకులు చక్రాల దగ్గర కాక లోపల డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉంటాయి. ప్రయాణం మెత్తగా ఉంటుంది, మెకానిక్కుకి మాత్రం నరకం. బి.ఎం.డబ్ల్యూ. దాని కంటే సుమారు మూడు వందల కిలోలు తేలిక. గేర్లు చేత్తో వేసుకోవచ్చు, రోడ్డు ఏమంటోందో చేతులకి తెలుస్తుంది. అయితే తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం మనల్ని దాటి ముందుకి రావాలని చూస్తుంది. అమెరికాలో అమ్మిన ఎక్స్.జె.ఎస్. లకి దాదాపు అన్నిటికీ ఆటోమేటిక్ గేర్లే. పక్కింటాయన నన్ను ఓసారి ఎక్కించుకున్నాడు. నాకు జాగ్వారే నచ్చింది. డ్రైవింగు చేతగానివాడికి అదే నచ్చుతుందని ఆఫీసులో ఓ బి.ఎం.డబ్ల్యూ. యజమాని తేల్చేశాడు.

ట్రాకు మీద లెక్క ఇంకోలా ఉంటుంది. కొత్త నియమాల్లో ఇంజను ఎంత పెద్దదైతే కారు అంత బరువుండాలి. జాగ్వార్ 1400 కిలోలు, నాలుగు వందలు దాటిన గుర్రాలు. బి.ఎం.డబ్ల్యూ. 1200 కిలోల దగ్గర, మూడు వందల లోపు గుర్రాలు. వాళ్ళ దగ్గర 24 వాల్వుల బలమైన ఇంజనున్న రకం ఉంది గానీ, అది చాలినన్ని తయారు కాలేదు కాబట్టి పోటీకి పనికిరాలేదు. జాగ్వార్ తిన్నటి రోడ్డు మీద పారిపోయేది. బి.ఎం.డబ్ల్యూ. టైర్లనీ, బ్రేకులనీ, పెట్రోలునీ పొదుపు చేసుకుని, జాగ్వార్ ఆగినప్పుడల్లా దాటిపోయేది. 1983లో ఆ పొదుపే నెగ్గింది. క్వెస్టర్ ఛాంపియన్, వాకిన్‌షా రెండోవాడు. 1977లో ఒకే కారులో జంటగా గెలిచినవాళ్ళు ఇప్పుడు ఎదురెదురు.

1984లో వాకిన్‌షా మూడు కార్లతో వచ్చాడు. బ్రనోలో మొదటి మూడు స్థానాలూ వాళ్ళవే. జూలైలో స్పా. ఊరి రోడ్ల పాత ట్రాకు పోయి, 1979 నుంచి సగం పొడవుతో కొత్త ట్రాకు. జాగ్వార్ ఒక్కో రేసులో గెలుస్తుందేమో గానీ 24 గంటలు ఆగకుండా తిరగడం కల్ల అని అందరూ అన్నారు. వాకిన్‌షా, విన్ పర్సీ, హాన్స్ హెయర్ ముగ్గురూ రాత్రంతా మార్చి మార్చి నడిపి గెలిచారు. ఈ హెయర్ అంతకుముందు రెండేళ్ళూ అక్కడే బి.ఎం.డబ్ల్యూ. లతో గెలిచినవాడు. రెండు కార్లలో ఏది మేలో ఈ లోకంలో చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే కాబోలు. ఆ ఏడాది వాకిన్‌షా ఛాంపియన్. ఆగస్టులోనే లండన్‌లో జాగ్వార్ షేర్లు ప్రజలకి అమ్మారు, ఉన్నవాటికి ఎన్నో రెట్లు దరఖాస్తులొచ్చాయి. నాలుగేళ్ళ కింద మూసేద్దామనుకున్న కంపెనీ అది.

ఆఖరి ఘట్టం 1985 అక్టోబరు, ఆస్ట్రేలియాలో బాథర్స్ట్. కొండెక్కి దిగే ట్రాకు, వెయ్యి కిలోమీటర్లు. మూడు ఎక్స్.జె.ఎస్. లు వెళ్ళాయి. ఒకటి మొదట్లోనే పోయింది. ముందున్న వాకిన్‌షా, పర్సీల కారుకి నూనె కారడం మొదలైంది, మళ్ళీ నూనె! ఆగి, బాగుచేసుకుని, మూడో స్థానంలో ముగించారు. గెలిచింది మూడో కారు, జాన్ గాస్, ఆర్మిన్ హానె నడిపింది. గాస్ విరిగిన సీటులో కూర్చుని నడిపాడు. రెండో స్థానంలో ఏ కారని అడుగుతారు కదూ? 635 సి.ఎస్.ఐ. ఆ కారు నడిపినవాళ్ళలో ఒకడైన రవాల్యా మర్నాటి ఏడు యూరోపియన్ టైటిల్‌ని మళ్ళీ బి.ఎం.డబ్ల్యూ. కి తెచ్చిపెట్టాడు. అప్పటికి జాగ్వార్ ఆ పోటీల నుంచి వెళ్ళిపోయింది. ఆ తరవాత చిన్న టర్బో కార్ల రాజ్యం.

2008 మార్చిలో టాటావాళ్ళు ఫోర్డ్ దగ్గర్నించి జాగ్వార్‌ని కొంటున్నారని వార్త వచ్చిన రాత్రి బెజవాడ నుంచి ఫోను. బాబాయికి అప్పటికి ఎనభై దగ్గర. "ఒరే, నువ్వు చెప్పిన దాయాది ఇంటికొచ్చిందట్రా" అన్నాడు. నవ్వుకున్నాం. "ఆ పన్నెండు సిలిండర్లదానికి చాంబరు ఇప్పుడు ఎట్లా పెడుతున్నారో కనుక్కో."

ఆ ఇంజను తయారీ 1997లోనే ఆపేశారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఆర్నెల్లకోసారి నూనె మార్చమని మీ పక్కింటాయనకి చెప్పు" అన్నాడు.